మూడు పాఠాలే అయ్యాయని దిగులుపడకు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. రెండోసారి నీ మాటలకన్నా వెనకాల బాబు గొంతే ఎక్కువ వినిపించింది. "అమ్మా, ఇంకా ఎన్ని లైన్లున్నాయి?" అని అడుగుతున్నాడు. మావాడూ అంతే. పేజీలో ఏముందో చూడకముందే పేజీ ఎంత పొడవుందో చూసేవాడు.

జూన్‌లో చదవడం కష్టమవుతున్న బాబుని ఇంట్లోనే చదివించడం మొదలుపెడితే డిసెంబరుకి నాలుగో తరగతి తెలుగు పుస్తకంలో మూడు పాఠాలే అయ్యాయన్నావు. మీ అత్తగారు పక్కింటి పాపతో పోలుస్తున్నారని, బడి మాన్పించి తప్పు చేశానేమోనని నిద్ర పట్టట్లేదని అన్నావు. నువ్వు తప్పు చెయ్యలేదు. కాకపోతే బడిని ఇంటికి తెచ్చుకున్నావు. నేనూ మొదట్లో ఆ పనే చేశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మావాణ్ణి మూడో తరగతిలో మాన్పించాం. "వీడికి చదువు ఎక్కదు" అని వాడు వింటుండగానే అన్నారు అక్కడ. ఆ మాట నా గుండెల్లో దిగబడిపోయింది. ఇరవై ఏళ్లు ఊరి పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నా కొడుక్కి చెప్పుకోలేనా అన్న పంతంతో పొద్దున తొమ్మిదింటికి కూర్చోబెడితే పన్నెండు దాకా లేవనిచ్చేదాన్ని కాదు. నెల తిరిగేసరికి పుస్తకం తీస్తే చాలు, వాడికి కడుపునొప్పి. నాటకం అనుకున్నాను. కాదు, నిజంగానే నొప్పి వచ్చేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఒకరోజు 'పడవ' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ముందురోజు చదివిన మాటే. 'ప' మీద వేలు పెట్టి 'వ' అన్నాడు. కాదన్నాను. 'మ' అన్నాడు. గొంతు పెంచాను. అప్పుడు చూశాను, వాడు పుస్తకం వైపు చూడట్లేదు. నా మొహం చూస్తూ, ఏ అక్షరం చెబితే నా కోపం తగ్గుతుందో వెతుక్కుంటున్నాడు. పుస్తకం మూసేశాను. సాయంత్రం పెద్ద పళ్లెంలో బియ్యప్పిండి పరిచి ప, వ, మ మూడే అక్షరాలు పెద్దవిగా రాసి వేలితో దిద్దించాను. "ప నోరు తెరిచింది, వ మూసుకుంది" అన్నాను. కాసేపు దిద్ది, "వకి తోక మొలిస్తే మ" అని వాడే అన్నాడు. ఆ మూడక్షరాలకీ పదకొండు రోజులు పట్టింది. మళ్లీ ఎప్పుడూ ఆ మూడూ తడబడలేదు.

అదే వారంలో మా ఇంటి దగ్గర బోరు వేశారు. వాడు పొద్దుణ్ణించీ ఆ బండి పక్కనే నిలబడి, ఎన్ని అడుగుల దగ్గర రాయి తగిలిందో, ముందు తెల్లటి పొడి ఎందుకొచ్చిందో, తర్వాత నీళ్లెలా వచ్చాయో రాత్రి వాళ్ల నాన్నకి పూసగుచ్చినట్టు చెప్పాడు. వ, ప తేడా తెలియని పిల్లాడు! నేను చేస్తున్న అసలు పొరపాటు అప్పుడు తెలిసింది. వాడి చదవడం ఏ తరగతిలో ఉంటే వాడి బుద్ధినీ ఆ తరగతిలోనే కట్టేశాను.

అందుకే, నిదానం అంటే అన్నిటిలోనూ నిదానం అనుకోకు. చదవడం, రాయడం మాత్రమే నిదానించు. సైన్సు, సోషలు, కథలు వాడి వయసుకి తగ్గట్టే సాగాలి. పాఠం నువ్వు చదివి వినిపించు, జవాబు నోటితో చెప్పించు, అవసరమైతే వాడు చెప్పింది నువ్వు రాసిపెట్టు. చదవడం రాలేదు కదా అని అన్నీ ఆపేస్తే, రెండేళ్లకి చదవడం వచ్చినా చదివింది అర్థం చేసుకోవడానికి వాడి దగ్గర సరుకుండదు.

చదవడానికి పొద్దున టిఫిన్ అయ్యాక 15 నిమిషాలు, సాయంత్రం ఇంకో 10. అంతే. బాగా చదువుతున్నాడు, ఇంకో పేజీ చదివిద్దాం అనిపిస్తుంది చూడు, సరిగ్గా అక్కడే ఆపు. అలిసిపోయాక ఆపితే, మర్నాడు కూర్చునేటప్పుడు వాడికి గుర్తుండేది ఆ అలసటే.

గుణింతాల సంగతి. "కగుణింతం మొత్తం వచ్చు పెద్దమ్మా" అన్నావు. పాటలా ఒప్పజెప్పడం వేరు, 'కి' ఎక్కడ కనబడినా గుర్తుపట్టడం వేరు. మధ్యలో 'కె' మీద వేలు పెట్టి అడుగు. క, కా, కి అని మొదటినుంచి అందుకుంటే వాడికి రాగం వచ్చిందన్నమాట, అక్షరం రాలేదు. అలాగైతే వరసలు పక్కనపెట్టు. నాలుగైదు హల్లులు తీసుకుని గుడి, కొమ్ము రెండే చూపించు. గుడిదీర్ఘం తర్వాత వారం చూద్దాం. గుడి, గుడిదీర్ఘం ఒకేరోజు పక్కపక్కన పెడితే రెండూ కలిసిపోతాయి.

ఒత్తుల్లో త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు, అందుకే మనవాడిలాంటి పిల్లలు అక్కడే జారిపోతారు. అదృష్టం ఏమిటంటే అవి దాదాపు అన్నీ మన ఇంటిమాటల్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్లి. ఒక్కోటీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు. నాలుగు పాతవి వచ్చాకే ఒక కొత్తది. నిన్న వచ్చింది ఇవాళ మర్చిపోతే "నిన్ననే కదా చెప్పావు" అనకు. ఆ మాట వాడు రోజుకి పదిసార్లు తనకు తానే చెప్పుకుంటుంటాడు. వరసగా మూడు రోజులు రాకపోతే ఒక మెట్టు దిగు. సంక్రాంతి సెలవుల తర్వాత కనీసం వారం పాతవే చదివించు.

లెక్కలకి గళ్ల నోట్‌బుక్ కొను. గడికి ఒక అంకె. మావాడి తీసివేతల్లో సగం తప్పులు ఒకట్ల కింద పదులు వేసినవే, లెక్క రాక కాదు. పది చింతపిక్కలకి ఒక చిన్న కవరు చొప్పున కట్టి, పదిని విడగొట్టడం చేత్తో చేయించు. అంకెలు తెలుగులోనే అనిపించు. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా ఉంటాయి. మన పదమూడులో పదీ ఉంది, మూడూ ఉంది, ముప్పైతో కలిసే ప్రశ్నే లేదు. లెక్క మాటల్లో ఉంటే నువ్వే చదివి పెట్టు. అది లెక్క పరీక్ష, చదవడం పరీక్ష కాదు.

హిందీ ఇప్పటికి ఆపెయ్. ఇంగ్లీషు మాట్లాడటం, వినడం వరకు చాలు. తెలుగు రాసినట్టే పలుకుతుంది, ఇంగ్లీషు అలా కాదు. ముందు ఒక లిపి మీద కాలు నిలదొక్కుకోనీ.

ఇవన్నీ చేస్తూనే కళ్లు, చెవులు ఒకసారి డాక్టరుకి చూపించండి. తర్వాత డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపం, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం, ఉందేమో క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించండి. బాబుకి 9 నిండాయి కాబట్టి ఇంకా చిన్నపిల్లాడు, ఆగుదాం అనుకోనక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ అభ్యసన లోపాన్ని కూడా చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే రేపు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సాయం అడగొచ్చు. పేరు పెడితే పిల్లాడి మీద ముద్ర పడుతుందని అల్లుడుగారు భయపడుతున్నారన్నావు. పేరు పెట్టకపోతే "బద్ధకం", "మొండి" అన్న ముద్ర ఎలాగూ పడుతోంది కదమ్మా. వీలైతే వారానికి రెండుసార్లు ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి తీసుకెళ్లు. అన్నీ నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు.

పదో తరగతి ఎలా అని ఇప్పుడే టెన్షన్ పడుతున్నావు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ అని, రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్షలు రాసే కేంద్ర ప్రభుత్వ బోర్డు ఉంది, అందరూ ఎన్‌ఐఓఎస్ అంటారు. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు. ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు, అందులో భాష ఒక్కటున్నా సరిపోతుంది. ఐదూ ఒకేసారి రాయనక్కర్లేదు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఈలోపు 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి లెవెల్సూ ఉన్నాయి. మావాడు మొదట రెండు, తర్వాత రెండు, చివరికి లెక్కలు రాశాడు. ఇప్పుడు వాడు ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు, బిల్లులు తనే రాసుకుంటాడు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకు. రాత్రి పడుకునేముందు ఆవిడ చేత కథ చెప్పించు, మర్నాడు బాబు చేత అదే కథ ఆవిడకి తిరిగి చెప్పించు. వాడి బుర్ర ఎలా పనిచేస్తుందో ఆవిడే చూస్తారు.

ముందుగా ఒక్క పని చెయ్యి. ఒత్తులు, గుణింతాలు లేని చిన్న మాటలు పది, గుణింతాలున్నవి పది, ఒత్తులున్నవి పది పెద్ద అక్షరాలతో రాయి. వాడు చదువుతుంటే సరిదిద్దకుండా ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఏ మాట దగ్గర తడబడ్డాడో అక్కడ చుక్క పెట్టుకో. ఆదివారంలోపు రెండూ నాకు పంపు. ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో ఫోన్లో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ