వేలంపాట పోయిన మర్నాడు వచ్చే మెయిల్

ప్రశ్న: 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఊహాలోకపు ఆట తాలూకు పాత పుస్తకాలు సేకరిస్తుంటాను. 1980 నాటి 'డీటీస్ అండ్ డెమీగాడ్స్' కోసం ఓ అమెరికా వేలం సైట్‌లో 140 డాలర్ల దాకా పాడాను. చివరి నిమిషంలో ఎవరో ఎగరేసుకుపోయారు. మర్నాడు అమ్మకందారు పేరుతో మెయిల్ వచ్చింది. గెలిచినవాళ్లు వెనక్కి తగ్గారట, నా పాటకే ఇస్తాడట, లింకులో డబ్బు కట్టమంటున్నాడు. కట్టొచ్చా? - ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కట్టకండి. రెండు నెలల్లో ఇలాంటి ఉత్తరం ఇది మూడోది. ఒకరిది కెమెరా లెన్స్, ఇంకొకరివి పాత నాణేలు. వస్తువు మారుతోంది, మెయిల్ మాత్రం అదే.

గెలిచినవాళ్లు డబ్బు కట్టకపోతే తర్వాతి పాటదారుకి అవకాశమివ్వడం ఆ సైట్లలో నిజంగానే ఉంది. మోసం నమ్మబుద్ధయ్యేది అందుకే. అసలైన అవకాశమైతే సైట్‌లో మీ ఖాతా మెసేజ్‌లలోనూ కనిపిస్తుంది. లింకు నొక్కకుండా సైట్ మీరే తెరిచి చూడండి. అక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టే. ఉన్నా సరే, "కమీషన్ మిగులుతుంది, డబ్బు బయట పంపండి" అన్నాడంటే వదిలేయండి. బంధుమిత్రులకు పంపే పద్ధతిలో కట్టమన్నా అంతే. అలా పోయిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ వర్తించదు.

మీ మెయిల్ వాడికెలా దొరికింది? పాటదారుల పేర్లను సైట్ చుక్కలతో కప్పేస్తుంది. కానీ మీ యూజర్ పేరూ, మెయిల్ ఐడీ ఒకటే అని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. అదే పేరుతో ఏ గేమ్ గ్రూపులోనో "పాటలో ఉన్నా" అని చాటింపు వేశారేమో గుర్తు చేసుకోండి.

నా అసలు కోపం ఫోన్లలోని మెయిల్ యాప్‌ల మీద. పంపినవాళ్ల పేరు పెద్దక్షరాల్లో చూపించి, అడ్రస్ దాచేస్తాయి. పేరుదేముంది, ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు! అప్‌డేట్ వచ్చినప్పుడల్లా బటన్ల మూలలు గుండ్రంగా చెక్కేవాళ్లకి, ఒక్క లైను అడ్రస్‌కి స్క్రీన్ మీద చోటు దొరకదా? తెలివైనవాళ్లు కూడా పడుతున్నారంటే సగం తప్పు వీళ్లదే.

ఇంకో టెన్షన్ మీ కార్డు. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు ఆఫ్‌లోనే వస్తున్నాయి. వేలం కోసం ఆన్ చేసి మర్చిపోతారు. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. నంబరు, గడువు తేదీ, సీవీవీ తెలిస్తే చాలు, పని అయిపోతుంది. డబ్బు కట్టగానే ఆఫ్ చేయండి. ఆ లింకులో ఇప్పటికే కార్డు వివరాలు కొట్టి ఉంటే, ఇది చదవడం ఆపి ముందు కార్డు బ్లాక్ చేయండి.

పుస్తకం సంగతి. తొలి ముద్రణల్లో 144 పేజీలు. క్తుల్హు, మెల్నిబోనే అనే కల్పిత పురాణాల అధ్యాయాలు వాటిలోనే ఉంటాయి. తర్వాత ఆ రెండూ తీసేసి 128 పేజీలు చేశారు. అట్ట మీద బొమ్మ అదే, ధరలోనే తేడా. మళ్లీ పాటకు వస్తే విషయసూచిక ఫొటో అడగండి. రేపు మాపు అని నాన్చితే ఆ పాట జోలికి పోకండి.