ట్యాంకు కొనే ముందు ఒక సాయంత్రం ఆడి చూడండి

"అన్నా, ఇక్కడ షాపులో ట్యాంకు బొమ్మల పెట్టెలు చూశాను. చిన్నప్పటి నుంచి పిచ్చి నాకు. ఏది కొనమంటారు? ఎంతవుతుంది? ఆడటానికి మనుషులు దొరుకుతారా?"

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఒక తమ్ముడు పోయిన నెల ఫోన్ చేసి అడిగాడు. ఏడాదికి రెండు మూడు ఇలాంటి ఫోన్లు వస్తాయి. నేను నాటింగ్‌హామ్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అందులో పదిహేనేళ్ళుగా గురువారం సాయంత్రం క్లబ్బులోనే ఉంటాను, ట్యాంకు బొమ్మలు, డైస్ పెట్టుకుని బల్ల మీద యుద్ధాలు ఆడుకునే క్లబ్బు. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

ముందు ఒక్క మాట వినండి. ఇప్పుడే ఏమీ కొనకండి.

మనవాళ్ళు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది కొలత దగ్గరే. పెట్టె మీద టైగర్ ట్యాంకు బొమ్మ బాగుంటుంది, కొనేస్తారు. ఇంటికొచ్చి నెల రోజులు కూర్చుని అతికిస్తారు. తీరా క్లబ్బుకి తీసుకెళ్తే అక్కడ ఎవరి ట్యాంకులతోనూ కలవదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అసలు జర్మన్ టైగర్, ఫిరంగితో కలిపి, సుమారు 8.45 మీటర్ల పొడవు. 1/35 కొలతలో, అంటే అసలు దాంట్లో 35వ వంతుగా, చేస్తే 24 సెంటీమీటర్లు వస్తుంది. 1/56లో 15, 1/100లో ఎనిమిదిన్నర. 1/35 అనేది అల్మరాలో పెట్టి చూసుకునేవాళ్ళ కొలత, జపాన్ వాళ్ళ టామియా కిట్లు ఎక్కువగా ఇందులోనే ఉంటాయి. బల్ల మీద ఆడేవాళ్ళు వాడేవి వేరు. బోల్ట్ యాక్షన్ అనే ఆట ఆడేవాళ్ళు 28 ఎంఎం ఎత్తు సైనికుల బొమ్మల పక్కన 1/56 ట్యాంకులు పెడతారు. ఫ్లేమ్స్ ఆఫ్ వార్ ఆడేవాళ్ళవి 15 ఎంఎం, అంటే 1/100. ఇంకొందరు 1/72తో సరిపెట్టుకుంటారు, అవి చవక. మీ ఊరి క్లబ్బులో ఏది ఆడుతున్నారో తెలియకుండా కిట్ కొంటే, మన ఇంటి వోల్టేజీ తెలియకుండా మిక్సీ కొన్నట్టే.

అందుకే ముందు వెళ్ళి చూడండి. దాదాపు ప్రతి ఊళ్ళోనూ వారానికోసారి కలిసే క్లబ్బు ఒకటి ఉంటుంది. కొన్ని కమ్యూనిటీ హాల్లో, కొన్ని చర్చి హాల్లో, కొన్ని పబ్బు పై అంతస్తులో. పబ్బు అనగానే కొందరు వెనకాడతారు. ఆరెంజ్ జ్యూస్ తీసుకుని కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. బల్లకి, కరెంటుకి సాయంత్రానికి మూడు నుంచి ఐదు పౌండ్లు తీసుకుంటారు. మొదటిసారి వచ్చినవాళ్ళ దగ్గర చాలాచోట్ల అదీ తీసుకోరు. "నేను కొత్త, ఇవాళ చూసి వెళ్తాను" అనండి చాలు. పది నిమిషాల్లో ఎవరో ఒకరు వాళ్ళ ట్యాంకు మీ చేతికిచ్చి కూర్చోబెడతారు.

చేతికిచ్చే దాకా మాత్రం ఆగండి. అడగకుండా ఎవరి బొమ్మా ముట్టుకోకూడదు. దాని వెనక నెలల పని ఉంటుంది. ఎత్తేటప్పుడు ఫిరంగి గొట్టం పట్టుకోవద్దు, కింద చాసీ పట్టుకుని ఎత్తాలి. డైస్ బల్ల మీంచి పడినా, పక్కకి ఒరిగి నిలబడినా మళ్ళీ వేస్తారు. టేపు పెట్టి కొలిచేటప్పుడు ఎదుటివాళ్ళకి కనబడేలా కొలవండి. ఓడినా గెలిచినా చివర్లో చెయ్యి కలుపుతారు. ఇంతే మర్యాదలు.

మొదటి ఆటగా నేనైతే "వాట్ ఎ ట్యాంకర్" సూచిస్తాను. ఇది సెయింట్ ఆల్బన్స్ దగ్గరి టూ ఫ్యాట్ లార్డీస్ వాళ్ళు 2018లో తెచ్చిన ఆట. ఒక్కొక్కరికి ఒక్క ట్యాంకు చాలు. వంతు రాగానే ఆరు డైస్ వేస్తారు. 1 పడితే ట్యాంకు నడుస్తుంది. 2 పడితే శత్రువు కంటబడతాడు. 3కి గురి, 4కి కాల్పు, 5కి గుండు మళ్ళీ ఎక్కించడం. 6 పడితే అవసరమైన దానికి వాడుకోవచ్చు. చదివితే పిల్లల ఆటలా ఉంటుంది. కూర్చుంటే గానీ దాని పస తెలియదు. శత్రువు ఎదురుగా నిలబడి ఉంటాడు, మీకు 3లు, 4లు కుప్పలుగా పడతాయి, ఒక్క 2 పడదు. గురి చూసే మనిషి, కాల్చే మనిషి సిద్ధంగా ఉన్నా కమాండర్‌కి ఎదుటి ట్యాంకు కనబడటం లేదన్నమాట. ఆ చీకటి ఇనప డబ్బాలో కూర్చున్న ఐదుగురి టెన్షన్ ఎలా ఉంటుందో ఆ ఆరు డైస్ చెబుతాయి. దెబ్బలు తగిలేకొద్దీ చేతిలో డైస్ తగ్గిపోతాయి, ఊపిరి తగ్గినట్టు ఉంటుంది. రెండు గంటల్లో ఆట అయిపోతుంది, ఒక్క ట్యాంకు కొంటే ఏడాది ఆడొచ్చు. స్టూడెంటుగా వచ్చినవాళ్ళకి ఇంతకంటే తక్కువ ఖర్చుతో మొదలయ్యేది నాకు కనబడలేదు.

నాటింగ్‌హామ్ పరిసరాలకి వచ్చినవాళ్ళు మాత్రం అదృష్టవంతులు. ఇలాంటి ఆటల బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఇక్కడి లెంటన్‌లో ఉంది. బోల్ట్ యాక్షన్ తెచ్చిన వార్లార్డ్ గేమ్స్, పెర్రీ మినియేచర్స్, మాంటిక్ అన్నీ ఈ ఊరి చుట్టుపక్కలే. ఒకప్పుడు బొమ్మలన్నీ సీసం కలిపిన లోహంతో పోతపోసేవాళ్ళు కాబట్టి ఈ ప్రాంతాన్ని ఇప్పటికీ "లెడ్ బెల్ట్" అంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుంచుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో పాత లోహపు బొమ్మలు కొంటే సీసం ఉండొచ్చు. అరగదీసినప్పుడు పొడి ఎగరనివ్వద్దు, చేతులు కడుక్కుని గానీ అన్నం దగ్గరికి వెళ్ళొద్దు.

ఇక కొనడం. 1/56 ప్లాస్టిక్ ట్యాంకు ఇరవై, ముప్పై పౌండ్లు ఉంటుంది. ఒక్కటే కొనండి, పూర్తి చేశాకే రెండోది. అతికించకుండా అటక మీద చేరిన పెట్టెలు చాలా ఇళ్ళల్లో చూశాను, మనసుకి కష్టంగా ఉంటుంది. బ్రిటిష్ కిట్ల కంపెనీ ఎయిర్‌ఫిక్స్ పెట్టె కొంటే పక్కకి తిప్పి చూడండి. వాళ్ళ కిట్లు చాలా ఏళ్ళు మన దేశంలోనే తయారయ్యాయి. నేను కొన్న మొదటి పెట్టె మీద "మేడ్ ఇన్ ఇండియా" చూసి దాన్ని షాపులోనే కాసేపు పట్టుకుని నిలబడ్డాను.

పనిముట్లు నాలుగు చాలు: భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి వాటిని కత్తిరించే నిప్పర్లు, చిన్న ఆకురాయి, ప్లాస్టిక్ సిమెంట్, క్రాఫ్ట్ నైఫ్. ఆ కత్తి గురించి కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. బ్లేడు మూడు అంగుళాలు మించని మడత చాకు తప్ప మరే కత్తి అయినా సరైన కారణం లేకుండా బయట వెంట పెట్టుకోవడం ఈ దేశంలో నేరం. పొద్దున కాలేజీ బ్యాగులో వేసుకుని, ఊరంతా తిరిగి, సాయంత్రం క్లబ్బుకి వెళ్దాం అనుకోవద్దు. కత్తి ఇంట్లోనే ఉండనివ్వండి. అతికించే పని ఇంట్లో, ఆట క్లబ్బులో.

రంగు దగ్గర నా అనుభవం ఒకటి. వచ్చిన రెండో ఏడు, జనవరి. బయట చలి, వాన. ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, స్ప్రే డబ్బా పట్టుకుని బాత్‌రూమ్‌లో తలుపేసుకుని కొట్టాను. ట్యాంకు బాగానే వచ్చింది. మర్నాడు చూస్తే టబ్బు మీద, అద్దం మీద, తెల్ల తలుపు మీద సన్నటి బూడిద పొర. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. ఎంత తోమినా పూర్తిగా పోలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో చాలా భాగం కోశారు. కోసింది న్యాయమే. పైగా ఆ రాత్రంతా తలనొప్పి. గాలి ఆడని గదిలో ఆ పొగ పీల్చడం ఒంటికి మంచిది కాదు. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బ్రష్‌తో వేసుకునే ప్రైమర్ వాడండి, నీళ్ళతో కలిసే యాక్రిలిక్ రంగులే కొనండి. స్ప్రే తప్పదనుకుంటే వాన లేని రోజు చూసి ఆరుబయట, అట్టపెట్టె లోపల పెట్టి కొట్టండి. చివర కొట్టే వార్నిష్‌కి ఇంకా జాగ్రత్త కావాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజు కొడితే మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అలా అయితే కంగారుపడకండి, పైన బ్రష్‌తో మెరిసే రకం (gloss) వార్నిష్ ఒక పూత వేస్తే చాలావరకు రంగు తిరిగొస్తుంది.

చెయ్యి తిరిగాక ఎవరో ఒకరు "నా బొమ్మలు రంగు వేసిపెట్టు, డబ్బులిస్తాను" అంటారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఒప్పుకోవద్దు. అది సొంత వ్యాపారం కిందికి వస్తుంది, ఆ వీసాకి అది కుదరదు. వారానికి 20 గంటల్లోపే కదా అనుకుంటారు. గంటల లెక్క కాదు, సొంతంగా సంపాదించడమే నిషిద్ధం. ముప్పై పౌండ్ల కోసం వీసా పోగొట్టుకోవద్దు.

జర్మనీలో దిగినవాళ్ళకి ఇంకో మాట. అక్కడ నాజీ గుర్తులు బయట ప్రదర్శించడం చట్టరీత్యా నేరం. ఇంగ్లండ్‌లో కొన్న కిట్‌లో ఆ గుర్తుల స్టిక్కర్లు (డెకాల్స్) ఉంటే అతికించి అక్కడి క్లబ్బుకి తీసుకెళ్ళొద్దు. ఇంగ్లండ్‌లో అలాంటి నిషేధం లేకపోయినా నేనైతే వాటిని వాడను, ఆ సైన్యంతోనే ఆడను. మన గడప మీద పసుపు కుంకుమలతో వేసే స్వస్తిక్ వేరు, అది వేరు అని మనకి తెలుసు. కానీ ఆ గుర్తు చూసి గుండె ఆగిపోయే కుటుంబాలు ఇక్కడ మన పక్కింట్లోనే ఉండొచ్చు.

మరి ఏ సైన్యం? ఇక్కడే నేను కొత్తవాళ్ళని బతిమాలుకునేది. క్లబ్బుకెళ్తే అందరూ జర్మన్, అమెరికన్, రష్యన్ అంటారు. మొదటి ఏడాది నేనూ అలాగే ఆడాను. తర్వాత డెక్కన్ హార్స్ గురించి తెలిసింది. నిజాం రాజ్యంలోని హైదరాబాద్ కాంటింజెంట్ అనే సైన్యపు గుర్రపు దళాల నుంచి పుట్టిన రెజిమెంట్ అది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అందులో ఎక్కువమంది ఉత్తరాది సిపాయిలే అయినా, పుట్టుక మన నేల మీదే. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హై వుడ్ దగ్గర బల్లేలు పట్టుకుని గుర్రాల మీద ముందుకి వెళ్ళినవాళ్ళు వీళ్ళు. 1945 మొదట్లో అదే రెజిమెంట్ అమెరికన్ షెర్మన్ ట్యాంకులతో, 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్‌లో, ఐరావతి దాటి బర్మాలోని మెయిక్టిలా మీద పడింది. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులకి ఎదురు నిలిచినప్పుడు కూడా వాళ్ళ కింద ఉన్నవి షెర్మన్లే.

వాళ్ళ ట్యాంకు చేయాలంటే ఏ షెర్మన్ పడితే అది కొనకూడదు. బర్మాలో ఆ బ్రిగేడ్ నడిపింది ఎం4ఏ4, బ్రిటిష్ వాళ్ళ లెక్కలో షెర్మన్ 5. ఐదు క్రిస్లర్ కారు ఇంజన్లని ఒకటిగా బిగించి పెట్టారు అందులో. అవి పట్టడానికి వెనక భాగం పొడిగించారు. అందుకే పక్కనుంచి చూస్తే చక్రాల జతల మధ్య ఎడం ఎక్కువగా కనబడుతుంది. పెట్టె మీద బొమ్మలో ఆ ఎడం చూసుకుని కొనండి. ముదురు ఆకుపచ్చ వేసి, పెద్ద తెల్ల నక్షత్రం అతికించి, కింద నుంచి సగం దాకా ఎర్రటి దుమ్ము పట్టించాను. మధ్య బర్మా వర్షాలు తక్కువ పడే మెట్ట ప్రాంతం, మన పాలమూరు లాంటిది. అడవి రంగు మీద మట్టి రంగు పడితేనే అది మెయిక్టిలా అవుతుంది.

మెయిక్టిలాలో జపాన్ సైనికులు గోతుల్లో కూర్చుని, మోకాళ్ళ మధ్య విమానం బాంబు పెట్టుకుని, ట్యాంకు పైకి రాగానే పేల్చడానికి ఎదురుచూశారు. బల్ల మీద ఆ గోతుల్ని చిన్న కాగితం ముక్కలతో పెడతాం. కొన్ని ఖాళీవి, కొన్ని నిజమైనవి. ట్యాంకు ముందు సిపాయిల్ని నడిపించకపోతే ట్యాంకు పోతుంది. ఒక సాయంత్రం అలా ఆడుతుంటే నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా షెర్మన్ వంక చాలాసేపు చూసి, వాళ్ళ నాన్న బర్మాలో పనిచేశాడనీ, ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదనీ అన్నాడు. బర్మాలో పోరాడిన బ్రిటిష్ పద్నాలుగో సైన్యంలో ఎక్కువమంది భారతీయులే అని ఆ బల్ల దగ్గర సగం మందికి తెలియదు. ఆ సాయంత్రం నేను చెప్పాను, వాళ్ళు విన్నారు. వచ్చిన కొత్తలో ఆఫీసులో వాతావరణం గురించి తప్ప ఇంకేం మాట్లాడాలో తెలియక నలిగిపోయినవాణ్ణి, అక్కడ రెండు గంటలు ఆగకుండా మాట్లాడాను.

వీలైతే బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం చూడండి. డోర్సెట్‌లో ఉంది. లండన్ వాటర్లూలో రైలెక్కి వూల్ స్టేషన్‌లో దిగాలి. 1943లో ట్యునీషియాలో పట్టుకున్న టైగర్ 131 అక్కడే ఉంది. పక్కన నిలబడితే ఇంట్లో చేసిన బొమ్మ కొలత అప్పుడు అర్థమవుతుంది. కిట్ల కోసం నవంబర్‌లో టెల్‌ఫర్డ్‌లో జరిగే స్కేల్ మోడల్‌వరల్డ్, ఆటల కోసం ఏప్రిల్‌లో లండన్ ఎక్సెల్‌లో జరిగే సెల్యూట్. రెండింటికీ జేబులో లెక్క పెట్టుకున్న డబ్బుతోనే వెళ్ళండి.

ఇండియా వెళ్ళేటప్పుడు స్ప్రే డబ్బాలు, ఎనామెల్ రంగులు, థిన్నర్ విమానంలో ఎక్కనివ్వరు, మంటలంటుకునే సరుకు. నిప్పర్లు, కత్తి చెకిన్ బ్యాగులో వేయండి. పూర్తయిన ట్యాంకు మాత్రం చేతి సంచిలోనే, టవల్లో చుట్టి. నా షెర్మన్ అలాగే సంగారెడ్డి చేరింది.

మా నాన్న ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, సైనికుల్ని మోసే ట్రాకుల యుద్ధ వాహనాలు బీఎంపీ-2లు తయారయ్యే చోటు. ఇన్నేళ్ళ వయసులో బొమ్మలేంట్రా అంటారేమోనని బెరుగ్గానే తీసి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. తిరగేసి చూశారు. ముందున్న పళ్ళచక్రం మీద గోటితో గీసి, "ఇది గూడ మా బీఎంపీ లెక్కనే ముంగటి నుంచే గుంజుతది గదా" అన్నారు. తర్వాత ట్రాక్ మీద వేలు పెట్టి నొక్కి, "ఈ పక్క కొద్దిగ వదులుంది, చూసుకో" అన్నారు.

తిరిగొచ్చాక ఆ పక్క ట్రాక్ విప్పి, ఒక లింకు తీసేసి మళ్ళీ అతికించాను.