యూకేజీ మిస్ "ఇంకా రెడీ కాలేదు" అన్నారు, ఒకటో క్లాసుకి పంపొచ్చా?

మీ బాబుకి ఏప్రిల్‌లో ఆరేళ్లు నిండుతాయని, పావుగంట టెస్ట్ పెట్టి "ఫస్ట్ స్టాండర్డ్‌కి రెడీ కాలేదు, ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచండి" అన్నారని రాశారు. నేను బెంగళూరులో కేఆర్ పురం వైపు ఒక చిన్న స్కూల్లో ఏడేళ్లు యూకేజీ పిల్లలకు చెప్పానండి. మా పాప విషయంలో నాకూ ఇదే మాట చెప్పారు.

వయసు గురించి టెన్షన్ వద్దు. కర్ణాటకలో జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్నది నియమం, 2025-26కి మాత్రం 5 ఏళ్ల 5 నెలలకు తగ్గించారు. మీ బాబుకి ఎలాగూ సరిపోతుంది. ఒకవేళ స్కూల్ మారుస్తానంటే, చేర్చుకునే ముందు పిల్లలకు పరీక్ష పెట్టి ఏరకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది.

మా పాపని ఎప్పుడూ చూడని ఒక మేడమ్ దగ్గర కూర్చోబెట్టారు. పూసలు ముందు పోసి "హౌ మెనీ?" అని అడిగారు. పాప తల దించుకుని గౌను అంచు నలుపుతూ కూర్చుంది. కాగితం మీద "లెక్కల్లో వీక్" అని రాసి ఇచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండానే భోగి పేరంటం వచ్చింది. ప్లేటుకి రెండు తమలపాకులు, ఒక వక్క, రెండు అరటిపళ్లు సర్దమని పాపకి అప్పజెప్పాను. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఇంకో మూడు పళ్లు కావాలి. ఒక ప్లేట్లో ఒకటే ఉంది, చివరి దాంట్లో అసలు లేవు" అంది. పూసల దగ్గర రాని లెక్క అరటిపళ్ల దగ్గర వచ్చింది. ఇంట్లో మాట్లాడే భాషలో, భయం లేని చోట అడిగితే పిల్లలు చెప్తారు.

క్లాసులో నేను చూసేవి ఇవి. "డైరీ తీసి టేబుల్ మీద పెట్టి, వచ్చి నీ చోట కూర్చో" అని ఒక్కసారే చెప్తే మూడు పనులూ వరసగా చేస్తాడా? విన్న కథని ముందూ వెనకా కలిపి తిరిగి చెప్తాడా? అమ్మ, అరటి, పలక అంటే వీటిలో మొదటి శబ్దం వేరేది ఏదో పట్టుకుంటాడా? బాత్రూమ్‌కి వెళ్లాలని అడుగుతాడా, టిఫిన్ డబ్బా మూత తనే తీసుకుంటాడా, తన వంతు దాకా ఆగుతాడా? మూత రాకపోతే ఏడుస్తాడా, మిస్ దగ్గరికి తెస్తాడా అన్నది నేను చాలా శ్రద్ధగా చూస్తాను. వందదాకా అంకెలు చూచిరాత రాశాడా అన్నది నాకు పెద్ద విషయం కాదు. ఇంగ్లీషు బీ, డీ అక్షరాలు తిరగేసి రాయడం ఏడేళ్లలోపు పిల్లల్లో మామూలే.

బెంగ పడాల్సినవి వేరే ఉన్నాయి. పిలిస్తే పలక్కపోవడం, బోర్డు చూడటానికి కళ్లు చిట్లించడం, మాట బయటివాళ్లకి అర్థం కాకపోవడం. మా క్లాసులో ఒక బాబుని "మాట వినడు" అని అందరం అనుకున్నాం. చెవి లోపల కర్ణభేరి వెనక నీరు చేరి సరిగ్గా వినపడట్లేదని డాక్టర్ చెప్పేదాకా తెలియలేదు. రెండు నెలలు ఆ బిడ్డని కసిరాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ముందు చెవులు, కళ్లు చూపించండి.

ఇంకో మాట. ఒకటో క్లాసు మొదటి మూడు నెలలు ఆటలతో, కథలతో అలవాటు చేయడానికి కేంద్రం 2021లో విద్యాప్రవేశ్ అని ఒక కార్యక్రమమే తెచ్చింది. ఇది జరుగుతుందా అని మీ స్కూల్లో అడగండి.

నేనైతే మిస్‌ని కలిసి, టెస్ట్ ఏ భాషలో పెట్టారు, క్లాసులో ఎన్ని రోజులు గమనించారు, ఏ పని రావట్లేదు అని అడిగి రాసివ్వమంటాను. మార్చి దాకా ఇంట్లో అవే చేయించి, మళ్లీ చూడమనండి. చెవులు, కళ్లు బాగుండి, పైన చెప్పినవాటిలో ఎక్కువ వస్తుంటే పంపేయండి. మేం పంపాం. పాప ఇప్పుడు మూడో క్లాసు.