చొక్కా తొడుక్కోవడమూ చికిత్సే

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఎంబీబీఎస్ సీటు కష్టమే అనిపించి ఫిజియోథెరపీ చదవమంటే, తను ఆక్యుపేషనల్ థెరపీ అంటోంది. ఆ పేరే మాకు కొత్త. రెండింటికీ తేడా ఏంటి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ పేరు వినగానే ఉద్యోగాలకు సంబంధించిన కోర్సు అనుకునేవాళ్లు చాలామంది. ఇక్కడ 'ఆక్యుపేషన్' అంటే మనిషి పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చేసుకునే పనులన్నీ. స్నానం, వంట, బడి, ఆఫీసు, పిల్లలకైతే ఆట కూడా.

పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన పెద్దాయన ఉన్నారనుకోండి. ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా కండరాల బలం, నడక, బ్యాలెన్స్ చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు మాత్రం, "మీకు మీరుగా ముందు ఏ పని చేసుకోవాలని ఉంది?" అని అడుగుతారు. చొక్కా తొడుక్కోవాలని ఉందంటే, దాన్ని ఒళ్లో పరుచుకుని పడిపోయిన చేతిని ముందు దూర్చడం నేర్పుతారు. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. చిన్న కిటుకే. కానీ బట్టలు తొడగమని రోజూ కొడుకునో కోడలినో పిలవాల్సిన బాధ తప్పుతుంది కదా, అది చిన్న విషయం కాదు.

అన్నం సంగతీ అంతే. ఎడమ చేత్తో తినడానికి చాలామంది పెద్దవాళ్లకు మనసొప్పదు. ఆ మొహమాటాన్నీ గౌరవిస్తూ, లావుపాటి పిడి ఉన్న చెంచా, ఎత్తు అంచున్న కంచం, అది జారకుండా కింద రబ్బరు షీటు చూపిస్తారు. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ ఎక్కడ బిగించాలో, స్నానానికి ఎంత ఎత్తు స్టూలు కావాలో కూడా వీళ్లే చెబుతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలతోనూ వీళ్లకు చాలా పని ఉంటుంది.

ఇక చదువు. మన దేశంలో ఈ కోర్సు కొత్తదేమీ కాదు. 1950లోనే కమలా నింబ్‌కర్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు ముంబై కేఈఎం ఆస్పత్రిలో మొదలుపెట్టారు. డిగ్రీ పేరు బీఓటీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. ఫిజియో కాలేజీలు దొరికినంత సులువుగా ఇవి దొరకవు, బయటి రాష్ట్రానికి పంపాల్సి రావచ్చు. వేలూరు సీఎంసీ, మణిపాల్, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, కోల్‌కతాలో కదలిక లోపాలున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఎల్‌డీ మంచి పేరున్నవి. ఇలాంటి వైద్య అనుబంధ కోర్సుల కోసం 2021లో వచ్చిన జాతీయ చట్టం తర్వాత ప్రవేశాల నిబంధనలు మారుతున్నాయి, కాబట్టి నోటిఫికేషన్ చూశాకే ఫీజు కట్టండి. ఆస్పత్రుల్లో, పిల్లల థెరపీ సెంటర్లలో, ప్రత్యేక పాఠశాలల్లో ఉద్యోగాలుంటాయి. అమెరికాలో పనిచేయాలంటే మాస్టర్స్ స్థాయి చదువు, అక్కడి లైసెన్సు కావాలి.

నిర్ణయానికి ముందు అనుమతి అడిగి మీ అమ్మాయిని ఒక పూట ఏదైనా థెరపీ సెంటర్‌లో కూర్చోబెట్టండి. ఓ బాబు ఒక్క బొత్తం పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు తంటాలు పడుతుంటే, తను వెళ్లి పెట్టేయకుండా, విసుక్కోకుండా ఉండగలిగిందా? ఇంటికొచ్చాక ఆ ఒక్కటే అడగండి.