హైదరాబాద్ ఐసీయూ అనుభవాన్ని జర్మనీ ఆసుపత్రికి ఎలా చెప్పాలి?

సిస్టర్, మీ ప్రశ్న చదివాను. బీఎస్సీ నర్సింగ్ చేశారు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్లు పనిచేశారు, పాప పుట్టాక రెండేళ్లు గ్యాప్ వచ్చింది, జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసయ్యారు. వచ్చే నెల జర్మనీ ఆసుపత్రితో వీడియో ఇంటర్వ్యూ. ఇంత అనుభవం ఉన్నా సీవీ చూసి ఎవరూ పెద్దగా స్పందించడం లేదని, వాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలని అడిగారు. నేను కూడా ఇక్కడి నుంచే వెళ్లి జర్మనీలోని నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో కొన్నేళ్లు పనిచేశాను. తర్వాత తర్వాత కొత్త నర్సులకు వార్డులో పని నేర్పే బాధ్యత ఇచ్చారు. అప్పుడు ఇంటర్వ్యూల్లో మా వార్డు హెడ్ పక్కనే కూర్చునేదాన్ని. ఇప్పుడు తార్నాకలో ఉంటున్నాను. అటువైపు కూర్చుని చూసినదాన్ని బట్టే ఇదంతా రాస్తున్నాను.

మీ కాగితాలు పరిశీలించేది ఒకరు, మిమ్మల్ని పనిలోకి తీసుకునేది ఇంకొకరు. మీ చదువు అక్కడి నర్సు చదువుతో సమానమా కాదా అని తేల్చేది ఆసుపత్రి ఉన్న జర్మన్ రాష్ట్రపు ప్రభుత్వ విభాగం. వాళ్లకు గంటలు, సబ్జెక్టులు, స్టాంపులు కావాలి. ఆసుపత్రి ఆలోచన వేరు. రేపు ఉదయం షిఫ్టులో ఈ అమ్మాయికి ఏ పేషెంట్లను అప్పగించొచ్చు అన్నదే వార్డు హెడ్ చూసుకుంటుంది. మన సీవీలు చాలావరకు మొదటివాళ్ల కోసం రాసినట్టే ఉంటాయి. మార్కుల పర్సంటేజీ, కాన్ఫరెన్స్ సర్టిఫికెట్లు, డిక్లరేషన్, తండ్రి పేరు, భర్త పేరు అన్నీ ఉంటాయి. మీరు రోజూ చేసిన పని మాత్రం "స్టాఫ్ నర్స్, ఐసీయూ" అనే రెండు ముక్కల్లో అయిపోతుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. జర్మనీలో నర్సు శిక్షణ మొత్తం 4600 గంటలు. అందులో 2100 క్లాసులో, 2500 వార్డుల్లో. మన మార్కుల మెమోలో గంటలు సరిగా కనిపించవు. అందుకే మీ కాలేజీ నుంచి లెటర్‌హెడ్ మీద సబ్జెక్టుల వారీగా థియరీ గంటలు, డిపార్ట్‌మెంట్ల వారీగా క్లినికల్ గంటలు రాయించుకోండి. మెడికల్, సర్జికల్, పిల్లల వార్డు, ప్రసూతి, సైకియాట్రీ, కమ్యూనిటీ అన్నీ విడివిడిగా ఉండాలి. మీ దగ్గర పాత ప్రొసీజర్ రికార్డు బుక్ ఉంటే పారేయకండి. కాలేజీ ఆఫీసులో లెక్క కట్టేవాళ్లకు అది చాలా పనికొస్తుంది. మీది పాత బ్యాచ్ అయితే కాలేజీ హైదరాబాద్‌లో, డిగ్రీ మీద విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ పేరు, జూనియర్ల డిగ్రీ మీద వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పేరు. రాష్ట్రం విడిపోయిన సంగతి జర్మనీలో కూర్చున్న అధికారికి తెలియదు కదా. 2014లో రాష్ట్రం రెండయిందని, అందుకే ఇలా ఉందని కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాలు రాస్తే అనవసరమైన ఉత్తరాలు తగ్గుతాయి.

పేరు విషయంలో మాత్రం బద్ధకించకండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో అత్తగారి ఇంటిపేరు చేరుతుంది. మనకు ఇది మామూలే గానీ, వాళ్ల కంటికి ముగ్గురు మనుషులు. మ్యారేజ్ సర్టిఫికెట్, ఈ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకుని, మిగతావాటితో పాటే అధికారికంగా ప్రమాణం చేసిన (స్వోర్న్) అనువాదకులతో జర్మన్‌లోకి మార్పించండి. సీవీలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరే వాడండి.

ఇక అసలు విషయం. మనవాళ్లు ఇంటర్వ్యూలో కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టడం, రక్తం తీయడం, ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టే గొట్టం), ఇన్‌ట్యుబేషన్‌కు (శ్వాసనాళంలో గొట్టం వేయడానికి) సాయం చేయడం గురించి గర్వంగా చెబుతారు. గర్వపడాల్సిన పనే అది. కానీ అక్కడ చాలా వార్డుల్లో కాన్యులా పెట్టడం, రక్తం తీయడం డాక్టర్ల పని. వార్డు హెడ్ వింటుంది, తల ఊపుతుంది, అంతే. ఆమె ఎదురుచూసేది వేరే. పేషెంటుకు స్నానం చేయించడం, నోరు శుభ్రం చేయడం, తినిపించడం, మంచం మీద పక్కకు తిప్పడం, ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నాలుగడుగులు నడిపించడం. ఇక్కడ ఆ పనులు ఆయాలు, అటెండెంట్లు, పేషెంటు ఇంటివాళ్లు చేస్తారు. అక్కడ నర్సే చేస్తుంది, అందులోనే ఆమె నైపుణ్యం చూస్తారు. అక్కడి నర్సుల్లో ఎక్కువమంది డిగ్రీ చేసినవాళ్లు కూడా కాదు, మూడేళ్ల వృత్తి శిక్షణలో నేర్చుకున్నవాళ్లు. కాబట్టి బీఎస్సీ అనగానే మనం ఒక మెట్టు పైన ఉన్నామనుకోవద్దు.

ఉదయం స్నానం ఎలా ఉంటుందో చెబితే మీకు తేడా అర్థమవుతుంది. గోరువెచ్చని నీళ్ల టబ్బు మంచం పక్కన పెట్టి, ముఖానికి సబ్బు వాడాలా, ఉత్త నీళ్లు చాలా అని ముందు పేషెంటునే అడుగుతాం. చేతులు కదిలే పేషెంటయితే తువ్వాలు ఆయన చేతికే ఇస్తాం, ముఖం ఆయనే తుడుచుకుంటాడు. కడగని భాగం దుప్పటితో కప్పి ఉంటుంది. పక్కకు తిప్పినప్పుడు తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా, వేలితో నొక్కితే తెల్లబడుతోందా అని చూస్తాం. ఆ పావుగంటలో ఆయన ఊపిరి, నొప్పి, మతి, ధైర్యం అన్నీ తెలిసిపోతాయి. ఇది చిన్న పని అని ముఖంలో ఎక్కడైనా కనిపిస్తే అవతలివాళ్లు ఇట్టే పసిగడతారు.

2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అక్కడి నర్సింగ్ చట్టం ప్రకారం, పేషెంటుకు ఎలాంటి సంరక్షణ అవసరమో తేల్చడం, దాన్ని ప్లాన్ చేయడం, సరిగా జరుగుతోందో లేదో చూడడం నర్సుకే కేటాయించిన పనులు. ఇంకెవరికీ అప్పగించకూడదు. అందుకే ఏ ప్రశ్నకైనా "డాక్టరుగారికి చెబుతాను" అని ఆగిపోతే ఈమెకు సొంత నిర్ణయం లేదనుకుంటారు. ఎంతో సమర్థురాలైన మన అమ్మాయిలు ఈ ఒక్క జవాబుతో వెనకబడడం చూసి నాకు చాలా బాధ కలిగేది. చెప్పాల్సింది ఇదీ: నేను ఏం గమనించాను, నా చేతిలో ఉన్నది వెంటనే ఏం చేశాను, ఆ తర్వాత డాక్టరుకు ఏమని చెప్పాను, ఎక్కడ రాశాను.

మీ ఐసీయూ అనుభవంలోంచి ఒక్క పేషెంటును తీసుకుని ఇలా సిద్ధం చేసుకోండి. పేరు, గుర్తుపట్టే వివరాలు వద్దు. ఉదాహరణకు వెంటిలేటర్ మీద ఉన్న పెద్దాయన, షుగర్ ఉంది, కదల్లేడు. ఎన్ని గంటలకోసారి తిప్పారు, నోటి శుభ్రత ఎలా చేశారు, తల ఎంత ఎత్తులో పెట్టారు, వీపు మీద పుండు పడకుండా ఏం చేశారు, షిఫ్టు మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కు ఏం అప్పజెప్పారు. ఇదంతా మీరు రోజూ చేసిందే, చెప్పుకోదగిన విషయమని మీకు తోచలేదంతే. దీన్ని జర్మన్‌లో మూడు నాలుగు నిమిషాలు చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ గెలిచినట్టే. స్నానం చేయించడంలాంటివి ఇక్కడ ఆయాలు చేసి ఉంటే ఆ మాట దాచకండి. "మా దగ్గర అటెండెంట్లు చేస్తారు, నేను దగ్గరుండి చూసుకునేదాన్ని, శిక్షణలో స్వయంగా చేశాను, మళ్లీ చేయడానికి సిద్ధం" అని చెప్పండి. నిజం చెప్పినవాళ్లకు నేర్పడం మాకు సులువయ్యేది.

సీవీ రెండు పేజీలు దాటనివ్వకండి. కొత్తది పైన, పాతది కింద, ప్రతిదానికీ నెల, సంవత్సరం. ఆసుపత్రి పేరు పక్కన మొత్తం ఎన్ని పడకలు, మీ ఐసీయూలో ఎన్ని, ఒక్కో షిఫ్టులో మీ చేతికింద ఎందరు పేషెంట్లు, వారిలో వెంటిలేటర్ మీద ఎందరు అన్నది ఒక లైనులో రాయండి. ఇక్కడ ఎంత పేరున్న ఆసుపత్రయినా అక్కడ ఎవరూ విని ఉండరు. ఈ అంకెలే దాన్ని పరిచయం చేస్తాయి. ఫొటో తప్పనిసరి కాదు, పెట్టేవాళ్లు మాత్రం ఎక్కువే. చివర తేదీ వేసి సంతకం పెట్టండి.

రెండేళ్ల గ్యాప్ గురించి మీరు అంత టెన్షన్ పడక్కర్లేదు. పిల్లల కోసం ఉద్యోగం ఆపడం అక్కడ మామూలే. ఖాళీగా వదిలేస్తేనే అనుమానం వస్తుంది. "పాప సంరక్షణ" అని నెలలతో రాసి, ఆ సమయంలోనే జర్మన్ నేర్చుకుని ఉంటే అదీ పక్కన రాయండి. అమీర్‌పేటలో ఎవరో ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామంటే మాత్రం దయచేసి దగ్గరికి కూడా వెళ్లకండి. ఆరేళ్ల నిజమైన పని చేతిలో ఉండగా ఒక దొంగ కాగితం మొత్తాన్ని ముంచుతుంది.

మీ పాత ఆసుపత్రి ఇచ్చిన సర్వీసు లెటర్ ఒకసారి తీసి చూడండి. చాలాచోట్ల తేదీలు, హోదా, "ప్రవర్తన బాగుంది" అని మూడు లైన్లే ఇస్తారు. జర్మన్ ఆసుపత్రులు ఏ పనులు ఎంత బాగా చేశారో వివరంగా చెప్పే లెటర్‌కు అలవాటుపడ్డాయి. హెచ్ఆర్ వాళ్లు తమ ఫార్మాట్ మార్చబోమంటే నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌ను అడగండి. యూనిట్, పనులు, వారానికి గంటలు రాసి లెటర్‌హెడ్ మీద ఇస్తే చాలు. కావాల్సిన వివరాలు మీరే ఒక కాగితం మీద రాసుకుని వెళితే వాళ్లకు కాదనడం కష్టం.

ఇంటర్వ్యూలో ప్రశ్న అర్థం కాకపోతే నవ్వి "యా, యా" అనకండి. మళ్లీ చెప్పమని అడగడం అక్కడ మంచి లక్షణమే. మందు డోసు విషయంలో అర్థం కాకుండా తలూపే నర్సు వాళ్లకు వద్దు.

మీ వంతు వచ్చినప్పుడు మీరూ ఇవి అడగండి. నా చదువుకు అక్కడి గుర్తింపు వచ్చేదాకా నర్సింగ్ అసిస్టెంటుగా పెడతారా, ఆ నెలల్లో జీతం ఎంత? నా చదువుకూ అక్కడి చదువుకూ తేడా ఉందని ప్రభుత్వ విభాగం నుంచి ఆర్డర్ వస్తే పరీక్ష రాయిస్తారా, ఆ లోటు పూడ్చే అడాప్టేషన్ కోర్సు చేయిస్తారా, ఆ ఖర్చు ఎవరిది? పరీక్ష తప్పితే ఇంకొక్క అవకాశమే ఉంటుంది, దానికి చదువుకునే సమయం డ్యూటీలో ఇస్తారా? పాపను ఎప్పుడు తీసుకెళ్లొచ్చు? మధ్యలో ఏజెన్సీ ఉంటే దానికి జర్మన్ ప్రభుత్వ న్యాయమైన నియామక ముద్ర ఉందేమో చూడండి. ఆ ముద్ర ఉన్నవాళ్లు నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదు. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, విదేశీ ఉద్యోగాలకు పంపేది అదే. మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో ఆఫీసు. ప్రైవేటు ఏజెంటుకు ఒక్క రూపాయి కట్టే ముందు అక్కడ అడిగి రండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, అటెస్ట్ చేసిన కాపీలే ఇవ్వండి.