మైనర్ లీగులో పిచ్చర్ పైకి ఎక్కేది గెలిచినందుకు కాదు

ప్రశ్న అడిగినవారి సందేహం ఇది: అమెరికా బేస్‌బాల్ క్లబ్బులు ఇరవై ఏళ్ల పిచ్చర్‌కు (బంతి విసిరేవాడికి) లక్షల డాలర్లు ఇచ్చి తీసుకుంటాయి, మరి పెద్ద లీగులో (మేజర్ లీగులో) ఆడించకుండా రెండు మూడేళ్లు చిన్న ఊళ్లలోని మైనర్ లీగు జట్లలో ఎందుకు తిప్పుతాయి? ఐపీఎల్‌లో అయితే వేలంలో కొన్న కుర్రాడు ఆ సీజన్లోనే బంతి అందుకుంటాడు కదా?

నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. టెక్సస్ రేంజర్స్‌కు చెందిన డబుల్ ఏ జట్టు రఫ్‌రైడర్స్ ఆడేది మా ఊళ్లోనే. వేసవిలో ఆఫీసు అయ్యాక అక్కడ కూర్చోవడం నాకు అలవాటు. అక్కడ చూసిన ఇద్దరు పిచ్చర్ల సంగతి చెబితే జవాబు చాలావరకు వచ్చేస్తుంది.

ముందుగా మెట్లు ఏమిటో చెప్పాలి. 2021 నుంచి ప్రతి పెద్ద క్లబ్బు కిందా నాలుగు పూర్తి సీజన్ జట్లు ఉంటున్నాయి, కింది నుంచి పైకి: సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. మొత్తం 120 జట్లు. వీటికి దిగువన క్లబ్బు శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్లు ఆడే లీగు ఒకటి. వీటన్నిటిలో డబుల్ ఏ గట్టి వడపోత అని బేస్‌బాల్‌లో చాలామంది అంటారు. కిందిస్థాయి బ్యాటర్లు చెడ్డ బంతికి కూడా బ్యాటు ఊపుతారు, పిచ్చర్ బతికిపోతాడు. ఇక్కడి బ్యాటర్లు ఆ బంతిని వదిలేసి, నాలుగు చెడ్డ బంతులకు దొరికే ‘వాక్’ మీద తాపీగా మొదటి బేస్‌కు నడిచిపోతారు.

జాక్ లైటర్‌ను మా ఊరి మైదానంలో చూసినవారికి ఇది బాగా తెలుసు. 2021 డ్రాఫ్టులో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) రెండో స్థానంలో అతడిని ఎంచుకుని, రేంజర్స్ 79 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చింది. తండ్రి ఆల్ లైటర్ కూడా పేరున్న పిచ్చరే. 2022లో కుర్రాడిని నేరుగా ఫ్రిస్కోకు పంపారు. ఆ ఏడాది పిచ్చర్‌గా అతడి పేరున పడినవి 3 గెలుపులు, 10 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచుకు, సగటున 5.54 పరుగులు ఇచ్చాడు. ‘వీడికా అంత డబ్బు!’ అనే మాట నా చుట్టుపక్కల కుర్చీల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వినిపించేది.

క్లబ్బు మాత్రం ఆ గెలుపోటములను పట్టించుకోలేదు. మనలాంటి క్రికెట్ అభిమానులకు మింగుడుపడనిది ఇదే. మైనర్ లీగులో మ్యాచ్ ఫలితం టికెట్టు కొన్నవారికే ముఖ్యం. ఫాస్ట్‌బాల్ (వేగవంతమైన బంతి), స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) బాగా వేసే కుర్రాడిని, ‘ఈ రోజు నీ ఛేంజప్ ఎక్కువగా వాడు’ అని పంపడం మామూలే. వేగం తగ్గించి బ్యాటర్‌ను మోసగించే ఆ బంతి ఇంకా పదును తేలలేదు, దెబ్బలు తింటాడు, మ్యాచ్ పోతుంది. అయినా కోచ్ అనుకున్నది జరిగినట్టే. 2023లో లైటర్‌ను కొన్ని వారాలు మ్యాచులకు దూరంగా ఉంచి, విసిరే తీరు సరిదిద్దారు. 2024 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో పెద్ద లీగులో తొలిసారి ఆడి, నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తికాకముందే 7 పరుగులు ఇచ్చాడు. మళ్లీ కిందికి పంపారు. 2025 నాటికి రేంజర్స్ స్టార్టర్లలో (మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచ్చర్లలో) ఒకడయ్యాడు.

రెండోవాడు కుమార్ రాకర్. పేరు చూసి మనవాళ్లు ఎగబడ్డారు, అందులో తప్పులేదు. తల్లి భారత సంతతి, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో లైటర్‌కు సహచరుడు. 2019లో డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా (కొట్టి బేస్ చేరే దెబ్బ) ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ఔట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుంది కానీ, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం కుదరలేదు. భుజానికి చిన్న శస్త్రచికిత్స అయ్యాక పెద్ద క్లబ్బుల కింద లేని ఫ్రాంటియర్ లీగ్ అనే స్వతంత్ర లీగులో ఆడాడు. 2022లో రేంజర్స్ అతడిని మూడో స్థానంలో తీసుకుంది. మరుసటి ఏడాది హై ఏ జట్టు హికరీలో 28 ఇన్నింగ్స్‌లో 42 స్ట్రైక్ఔట్లు. ఇక ఆపేవారు లేరనుకునేలోపే మే నెలలో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ మోచేతిలోనే ఉంది. ఐపీఎల్ బౌలర్‌కు నాలుగు ఓవర్లు, అంటే 24 బంతులు. స్టార్టింగ్ పిచ్చర్ ఒక్క మ్యాచులో తొంభై దాకా విసురుతాడు, చాలావరకు ఉన్న బలమంతా పెట్టి. ఆ భారం మోచేతి లోపలివైపు ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు మీద పడుతుంది. అది తెగితే శరీరంలో మరోచోటి నుంచి టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని) తెచ్చి అమర్చాలి; అదే టామీ జాన్ శస్త్రచికిత్స. మళ్లీ మ్యాచ్ ఆడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. అందుకే ఏటా ఇన్నింగ్స్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. చక్కగా ఆడుతున్న కుర్రాడిని ఐదో ఇన్నింగ్స్‌లో ఎందుకు తప్పించేశారని మైదానంలో కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఆ రోజుకు అతడి బంతుల కోటా అయిపోయింది, అంతే. నాకు తోచినంతవరకు ఇంత జాగ్రత్త పడినా మోచేతులు తెగుతూనే ఉన్నాయి. వేగం మీద ఉన్న మోజు తగ్గనంతవరకు ఈ లెక్కలతో పూర్తి రక్షణ దొరకదు.

ఇదంతా విలాసవంతమైన జీవితం కూడా కాదు. పెద్ద బోనస్ అందుకునేవారు కొందరే. డబుల్ ఏ ఆటగాడి ఏడాది జీతం 2022లో 13,800 డాలర్లు, మైనర్ లీగు ఆటగాళ్ల తొలి కార్మిక ఒప్పందం తర్వాత 2023లో 30,250 అయింది. పెద్ద లీగులో కనీస జీతం 2024లో 7,40,000. మధ్యలో అమరిల్లో, మిడ్‌లాండ్ వంటి ఊళ్లకు గంటల తరబడి బస్సు ప్రయాణాలు. అమరిల్లో ఎత్తు మీద ఉంటుంది, గాలి పలచన; మామూలు క్యాచ్ కావాల్సిన బంతి కూడా గోడ దాటిపోతుంది. అక్కడి అంకెలు చూసి ఏ పిచ్చర్‌నూ అంచనా వేయకండి.

రాకర్ 2024 వేసవిలో కోలుకుని ఫ్రిస్కోకు వచ్చాడు, వారాల్లోనే ట్రిపుల్ ఏ రౌండ్ రాక్‌కు, అక్కడి నుంచి సెప్టెంబర్ 12న సియాటెల్‌లో పెద్ద లీగుకు. నాలుగు ఇన్నింగ్స్, 7 స్ట్రైక్ఔట్లు. 2025లో తడబడితే ఆగస్టులో మళ్లీ కిందికి పంపారు.

ఇటువైపు వస్తే ఒక చిట్కా: డబుల్ ఏ జట్లు మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు మ్యాచులు ఆడతాయి, స్టార్టర్ సాధారణంగా వారానికి ఒక్కసారే విసురుతాడు. మీకు కావలసిన కుర్రాడి వంతు ఏ రోజో చూసుకుని టికెట్టు కొనండి.