గోటి మీది గీతలు

అమ్మాయీ,

డేరియర్ అనే చర్మపు జబ్బు మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘భయంకరమైన’, ‘వికృతమైన’ అన్న మాటలు మొదటి పేరాలోనే నాలుగుచోట్ల పడ్డాయి. జబ్బు మాత్రం కనబడలేదు. అవన్నీ కొట్టెయ్.

ఒక గోరు దగ్గర మొదలుపెట్టు. నిలువుగా సన్నటి ఎర్ర గీత, పక్కనే తెల్ల గీత. ఆ గీత గోటి అంచుకి చేరేచోట చిన్న ముక్కోణపు నొక్కు. అక్కణ్ణించి చెవుల వెనక్కీ, ఛాతీ మీదికీ, వీపు మీదికీ రా. ఆవగింజంత గోధుమరంగు పొక్కులు, పైన జిడ్డోడే పెచ్చు, వేలితో రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది. ఎండాకాలం చెమట పడితే ఇంకా రేగుతుంది. చూసినవాళ్ళు చెమటకాయలనో చుండ్రు అనో అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. వాళ్ళని ఆపేది ఆ గోరే.

1889లో ప్యారిస్‌లో జీన్ డేరియర్ ఈ జబ్బు చర్మాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. గుండ్రటి కణాలు కనబడ్డాయి. పరాన్నజీవులనుకున్నాడు, తప్పు! అవి ముందే విడిపోయి, తొందరపడి గట్టిపడిన చర్మకణాలు. పొరపాటని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. కానీ ఆ గుండ్రటి కణాలని చూసినవి చూసినట్టు వర్ణించాడు కాబట్టి, నేటికీ చర్మపు ముక్కని పరీక్షించే పాథాలజిస్టులు వాటికోసమే వెతుకుతారు. అదే ఏడాది బోస్టన్‌లో జేమ్స్ క్లార్క్ వైట్ కూడా విడిగా ఈ జబ్బునే వర్ణించాడు. ఒకే కుటుంబంలో ఇద్దరికి ఉందని గమనించి, వంశపారంపర్యమని పట్టుకున్నదీ ఆయనే. అసలు కారణం 1999లో తేలింది: కణంలో కాల్షియాన్ని సర్దే పంపు తాలూకు జన్యువులో లోపం. దానివల్ల ఇటుకల మధ్య సిమెంటు వదిలేసినట్టు కణాలు ఊడిపోతాయి. నీ వ్యాసంలో ఈ కారణం ముందొచ్చి, చర్మం ఆఖర్న వచ్చింది. తిరగెయ్యి.

ఇంకోటి. కొత్తలో నేనూ ఈ జబ్బు మీద రాశాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: ‘అన్నీ రాశారు గానీ ఈ జబ్బుతో ఒంటికొచ్చే వాసన సంగతి రాయలేదేం? నేను బస్సులో చివరి సీటు వెతుక్కునేది దానివల్లే.’ నాకు తెలియక కాదు, మొహమాటపడి వదిలేశాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నువ్వు వాసన గురించి రాయి, మర్యాదగా, సూటిగా. పక్కన కూర్చుంటే అంటుకోదన్న మాట ఆ వాక్యం వెంటనే రావాలి, పేజీ అడుగున కాదు.

గోటి పేరా ఒక్కటి మళ్ళీ రాసి ఆదివారానికి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.